రాజీనామా పెట్టుబడి కాదు

ఉద్యోగం మానెయ్యి, దూకు, మిగతాది అదే దారికొస్తుంది. కొన్నేళ్ళుగా తెలుగునాట ఈ మాట వినపడని వేదిక లేదు. ఇంజినీరింగ్ కాలేజీ వార్షికోత్సవంలో ముఖ్య అతిథి ఇదే చెబుతాడు. ఆదివారం అనుబంధాల్లో "లక్షల జీతం వదిలేసి..." అని మొదలయ్యే శీర్షికలు ఇదే చెబుతాయి. వ్యక్తిత్వ వికాస తరగతుల్లో హాలు హాలంతా లేచి నిలబడి గట్టిగా పలికేదీ ఇదే. చెప్పేవాళ్ళలో చాలామంది మంచి మనసుతోనే చెబుతున్నారు. చెబుతున్నది మాత్రం తప్పు. దాన్ని నమ్మినవాళ్ళ ఇళ్ళలో జరిగే నష్టం ఆ వేదికల దాకా తిరిగి రాదు కాబట్టి, అడిగేవాళ్ళు లేక ఆ తప్పు అలాగే సాగిపోతోంది.

ముందు ఆ వాదాన్ని ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. ఉద్యోగి తన వయసంతా వేరొకరి కల కోసం ఖర్చుపెడతాడు. నెల జీతానికి అలవాటు పడ్డకొద్దీ తెగింపు పోతుంది. ఇంటి లోను, పిల్లల ఫీజులు మీద పడ్డాక కదలలేడు. కాబట్టి వయసులో ఉండగానే బయటపడాలి. వెనక్కి వెళ్ళే దారి ఉంచుకున్నవాడు ప్రాణం పెట్టి పోరాడడు, అందుకే ఆ దారి మూసేయాలి. అయినా ఉద్యోగానికి మాత్రం భద్రత ఏముంది? రేపు పొద్దున ఒక ఈమెయిలు పంపి తీసేస్తారు. ఒకవేళ ఓడిపోయినా పోయేదేమీ లేదు, అనుభవం మిగులుతుంది. స్థూలంగా ఇదీ వాదం.

ఇందులో నిజం లేకపోలేదు. తెలుగు మధ్యతరగతి ఇల్లు నెల జీతాన్ని నమ్మినట్టు దేన్నీ నమ్మదు. పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు అబ్బాయి సొంతంగా ఏదో పెట్టుకున్నాడంటే, ఇంకా స్థిరపడలేదని అర్థం చేసుకునే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. హైదరాబాద్ అశోక్‌నగర్ గదుల్లో సర్కారు కొలువు కోసం ఏళ్ళకేళ్ళు కరిగిపోయినవాళ్ళని చూస్తే, ఈ భయాన్ని వదిలించాలన్న కోరిక న్యాయమైనదేనని ఎవరైనా ఒప్పుకుంటారు. అయితే భయం పోగొట్టడం వేరు, లెక్క చూసుకోవద్దనడం వేరు. దూకమనే వాదం మొదటి దాని పేరు చెప్పి రెండోది చేయిస్తోంది.

1. ఉద్యోగంలో గడిచిన ఏళ్ళు వృథా అన్న మాట

ఇది ఎంత అబద్ధమో తెలుసుకోవడానికి హైదరాబాద్ దాటి వెళ్ళక్కర్లేదు. బాలానగర్ వైపు చూస్తే చాలు. 1961లో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐడీపీఎల్, సోవియట్ యూనియన్ సాయంతో అక్కడ మందుల ఫ్యాక్టరీ పెట్టింది. తాడేపల్లిలో పసుపు రైతు ఇంట పుట్టి, బొంబాయిలో రసాయన సాంకేతిక విద్య చదివి, పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో డాక్టరేట్ చేసిన కల్లం అంజిరెడ్డి 1969లో ఆ సంస్థలో ఉద్యోగిగా చేరారు. ఆరేళ్ళు పనిచేశారు. ప్రయోగశాల గాజు కుప్పెలో గ్రాముల్లో జరిగే చర్యని రియాక్టర్లో కిలోల్లో, టన్నుల్లో జరిపించాలంటే వేడి ఎక్కడ అదుపు తప్పుతుందో, దిగుబడి ఏ దశలో పడిపోతుందో, ద్రావణి ఎంత ఆవిరైపోతుందో పుస్తకం చెప్పదు. ప్లాంటులో షిఫ్టు చేసినవాడికే తెలుస్తుంది.

ఐడీపీఎల్ నుంచి బయటికొచ్చాక కూడా ఆయన నేరుగా డాక్టర్ రెడ్డీస్ పెట్టలేదు. 1976లో యూనిలాయిడ్స్, 1980లో స్టాండర్డ్ ఆర్గానిక్స్. రెండు చోట్లా ఇతరులతో కలిసి ముడి ఔషధాల తయారీ నడిపారు. కొనుగోలుదారు ఎవరో, బ్యాంకు ఏం అడుగుతుందో, భాగస్వామితో ఎక్కడ తేడా వస్తుందో అక్కడ నేర్చుకున్నారు. డాక్టర్ రెడ్డీస్ 1984లో గానీ రాలేదు. అప్పటికి ఆయన నలభై దాటారు. ఐడీపీఎల్ గేటు లోపల అడుగుపెట్టిన నాటి నుంచి లెక్కేస్తే 15 ఏళ్ళు.

ఆ 15 ఏళ్ళకి అంత విలువ ఎందుకొచ్చిందో కూడా చూడాలి. 1970 నాటి పేటెంట్ చట్టం 1972లో అమల్లోకి వచ్చింది. మందుల విషయంలో అది వస్తువుకి కాక, తయారుచేసే పద్ధతికే పేటెంట్ ఇచ్చింది. వేరే పద్ధతిలో అదే మందు తయారుచేయగలిగినవాళ్ళకి మార్కెట్ తెరుచుకుంది. 2005లో వస్తువుకే పేటెంట్ తిరిగి వచ్చేదాకా ఆ అవకాశం నిలిచింది. ఆ పద్ధతులు కనిపెట్టగలిగినవాళ్ళు ఎక్కడున్నారు? ఫ్యాక్టరీల్లో, ప్రయోగశాలల్లో జీతాలు తీసుకుంటూ ఉన్నారు. చట్టం దేశమంతటికీ ఒక్కటే. మందుల పరిశ్రమ హైదరాబాద్‌లో అంత చిక్కగా పెరగడానికి, ఆ పని చేతులారా చేసిన ఉద్యోగులు ఈ ఊళ్ళో అంతమంది ఉండటం పెద్ద కారణం.

పోనీ అంజిరెడ్డి ఒక్కరే అలా చేశారనుకోవడానికీ లేదు. 1981లో నాట్కో స్థాపించిన నన్నపనేని వెంకయ్య చౌదరి అంతకుముందు పదేళ్ళకు పైగా అమెరికా మందుల కంపెనీల్లో ఉద్యోగం చేశారు. దివి మురళి అమెరికాలో ఇదే పరిశ్రమలో పనిచేసి 1984లో తిరిగొచ్చి, అంజిరెడ్డితో కలిసి కెమినార్‌లో ఉండి, 1990లో గానీ సొంతంగా మొదలుపెట్టలేదు. 1993లో హెటెరో పెట్టిన బండి పార్థసారథి రెడ్డి అంతకుముందు డాక్టర్ రెడ్డీస్‌లో శాస్త్రవేత్త. ఒకరి సంస్థలో నేర్చుకున్నవాళ్ళు మరో సంస్థ పెట్టారు, ఆ సంస్థలో నేర్చుకున్నవాళ్ళు ఇంకోటి పెట్టారు. తెలుగువాళ్ళు ప్రపంచానికి చూపించుకోగల అతి పెద్ద పారిశ్రామిక విజయం ఇలా కట్టుబడింది. ఉద్యోగం బానిసత్వమని చెప్పే వక్తలు ఈ పేర్లనే ఉదాహరణలుగా వాడుకోవడం అన్యాయం.

ఉద్యోగం అందరికీ ఒకేలా నేర్పదన్నదీ నిజమే. ఏళ్ళ తరబడి ఒకే ప్రాజెక్టులో ఒకే రకం టికెట్లు మూస్తూ గడిపినవాడికి కస్టమర్ అంటే ఎవరో తెలియకపోవచ్చు. పెద్ద కంపెనీ విజిటింగ్ కార్డు చూసి ఫోనెత్తినవాళ్ళు, ఆ కార్డు లేనినాడు ఎత్తకపోవచ్చు. అయితే ఈ అభ్యంతరం దూకమనే వాదానికి బలమివ్వదు, దాన్ని ఇంకా బలహీనం చేస్తుంది. తన దగ్గర ఉన్నది సొంత నైపుణ్యమా, కంపెనీ పరపతా అన్నది తెలియని మనిషిని రాజీనామా చేయమనడం ఎలా సబబు? అది తేల్చుకోవడానికి మంచి చోటు ఉద్యోగమే. సేల్స్ టీమ్‌తో క్లయింటు దగ్గరికి వెళ్ళొచ్చు, కొనుగోళ్ళ విభాగానికి మారొచ్చు, చిన్న కంపెనీకి మారి నాలుగు రకాల పనులు నెత్తినేసుకోవచ్చు.

2. వయసు దాటిపోతుందన్న బెదిరింపు

ఇరవైల్లో దూకకపోతే ఇక జన్మలో దూకలేరని చెబుతారు. కాలేజీ మధ్యలో మానేసి కోట్లు గడించిన అమెరికా కుర్రాళ్ళ ఫోటోలు తెరమీద వేస్తారు. అదే అమెరికాలో పియెర్ అజూలే, బెంజమిన్ జోన్స్, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు కలిసి 27 లక్షల మంది వ్యాపార స్థాపకుల వివరాలు పరిశీలించారు. 2018లో బయటికొచ్చిన ఆ అధ్యయనం ప్రకారం కంపెనీ పెట్టేనాటికి వాళ్ళ సగటు వయసు 42. ప్రతి వెయ్యిలో అత్యంత వేగంగా ఎదిగిన ఒక్కో కంపెనీని తీసుకుంటే, స్థాపకుల సగటు వయసు 45. అంటే విజయం పెరిగినకొద్దీ వయసు తగ్గలేదు, పెరిగింది. తాము అడుగుపెట్టిన రంగంలోనే ముందు పనిచేసి ఉన్నవాళ్ళకి గెలిచే అవకాశం గణనీయంగా ఎక్కువని కూడా అదే అధ్యయనం చెప్పింది.

మన దగ్గర ఫల్గుణి నాయర్ కోటక్ మహీంద్రాలో సుమారు రెండు దశాబ్దాలు పనిచేసి, 2012లో, యాభై ఏళ్ళు నిండబోతుండగా సౌందర్య సాధనాలు అమ్మే నైకా మొదలుపెట్టారు. 2021లో అది స్టాక్ మార్కెట్‌కి వచ్చింది. ఆవిడ ఉద్యోగం మానేసే పెట్టారు కదా అని అడగొచ్చు. నిజమే. అయితే అంతవరకూ కంపెనీలని స్టాక్ మార్కెట్‌కి తీసుకెళ్ళడమే ఆవిడ వృత్తి, భర్త అప్పటికే ఒక అంతర్జాతీయ పెట్టుబడి సంస్థకి భారతదేశంలో అధిపతి. ఆవిడ ధైర్యాన్ని ఇది ఏమాత్రం తగ్గించదు. కానీ ముప్పై ఏళ్ళ మనిషికి, రెండు ఈఎంఐలున్న మనిషికి ఆవిడ కథని సగమే చెబితే అది స్ఫూర్తి కాదు, తప్పుదారి పట్టించడం.

3. వెనకదారి మూసేస్తేనే గెలుస్తారన్న సిద్ధాంతం

మొత్తం వాదంలో అన్నిటికన్నా ఆకర్షణీయమైనదీ, అన్నిటికన్నా ప్రమాదకరమైనదీ ఇదే. పరీక్షకి నిలబడనిదీ ఇదే.

విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ రఫీ, జీ ఫెంగ్ అనే ఇద్దరు పరిశోధకులు 1994 నుంచి 2008 వరకు వేలమంది అమెరికన్ల ఉపాధి చరిత్ర పరిశీలించి, 2014లో ఫలితాలు ప్రచురించారు. ఉద్యోగం చేస్తూనే వ్యాపారం మొదలుపెట్టి, నిలదొక్కుకుంటుందని తేలాక ఉద్యోగం మానినవాళ్ళని ఒక పక్క, మొదటి రోజునే మానేసి దిగినవాళ్ళని మరో పక్క పెట్టి చూశారు. మొదటి వర్గం వ్యాపారం మూసేసుకునే ప్రమాదం రెండో వర్గం కన్నా మూడో వంతు తక్కువ. వెనకదారి ఉంచుకున్నవాళ్ళే ఎక్కువకాలం నిలబడ్డారు.

కారణం ఊహించడం కష్టం కాదు. ఇంట్లో బియ్యానికి డబ్బు ఈ ఆర్డరు నుంచే రావాలంటే, ఎంత చెడ్డ ఆర్డరైనా ఒప్పుకోవాల్సి వస్తుంది. అరువు ఎగ్గొట్టే రకమని తెలిసినా సరుకు పంపాల్సి వస్తుంది. ధర తగ్గించాల్సి వస్తుంది. ఒకసారి తగ్గించిన ధరని మళ్ళీ పెంచడం ఎంత కష్టమో చిన్న వ్యాపారి ఎవరినడిగినా చెబుతాడు. జీతం వస్తున్నవాడు మాత్రం "ఈ రేటుకి కుదరదండీ" అని నిలబడగలడు. ఆ ఒక్క మాట అనగలగడం వ్యాపారంలో పెద్ద బలం.

ఇన్ఫోసిస్ కథ తెలియని ఇంజినీరు ఉండడు. 1981లో ఏడుగురు, సుధా మూర్తి దాచిన 10,000 రూపాయలు. చాలామంది చెప్పకుండా వదిలేసేవి మూడున్నాయి. నారాయణమూర్తి అంతకుముందే సాఫ్ట్రానిక్స్ అని ఒక సంస్థ పెట్టి, అది నడవక, పట్నీ కంప్యూటర్స్‌లో ఉద్యోగంలో చేరారు. మిగతా ఆరుగురూ ఆ ఉద్యోగంలోనే ఆయనకి దొరికారు. ఇన్ఫోసిస్ 1981 జులైలో నమోదైనా, పట్నీలో చేతిలో ఉన్న పనులు ముగించుకుని మూర్తి అందులో చేరింది మరుసటి ఏడాది. ఆయన ఆ సంస్థ నాలుగో ఉద్యోగి. ఇక ఆ 10,000 రూపాయలు ఎక్కడివి? ఒక ఉద్యోగిని జీతంలోంచి మిగిల్చినవి. యాపిల్‌కి మొదటి కంప్యూటర్ తయారుచేసిన స్టీవ్ వోజ్నియాక్ కూడా 1976లో ఆ సంస్థ మొదలైన తర్వాత కొన్నాళ్ళు హ్యూలెట్ పాకార్డ్ ఉద్యోగంలోనే ఉన్నాడు. వీళ్ళెవరూ మనసు పెట్టి పనిచేయలేదని అనగలరా?

రెడ్‌బస్ సంగతీ అంతే. 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి రావడానికి ఫణీంద్ర సామాకి బస్సు టికెట్ దొరకలేదన్నది అందరూ చెప్పే భాగం. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో ఉద్యోగం చేస్తూనే స్నేహితులతో కలిసి ట్రావెల్స్ ఆఫీసుల చుట్టూ తిరిగారనీ, బస్సు ఆపరేటర్ల కోసం అనుకున్న సాఫ్ట్‌వేర్‌ని ఆపరేటర్లే వద్దన్నారనీ, అప్పుడు ప్రయాణికుల వైపు తిరిగారనీ తక్కువమంది చెబుతారు. మొదటి ఆలోచన తప్పని తేలడానికి ఎవరికైనా కొంత కాలం పడుతుంది. ఆ కాలంలో జీతం ఉందా లేదా అన్నదే చాలామంది విషయంలో బతుకుని తేల్చేస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. ఉద్యోగం చేస్తూనే మొదలుపెట్టమంటే యజమానిని మోసం చేయమని కాదు. 2022లో విప్రో, పోటీ సంస్థలకి పనిచేస్తున్నారంటూ 300 మందిని తొలగించింది. నియామక పత్రంలో ఇతర పనుల మీద నిషేధం ఉంటుంది, ఉద్యోగ కాలంలో రాసిన కోడ్ ఎవరిదో కూడా ఉంటుంది. ఆ పత్రం చదవాలి. కంపెనీ లాప్‌టాప్ ముట్టుకోకూడదు, కంపెనీ క్లయింట్ల జోలికి పోకూడదు, అవసరమైతే రాతపూర్వకంగా అనుమతి అడగాలి. ఉద్యోగం మానేశాక ఆ రంగంలో వ్యాపారం చేయకూడదన్న షరతు మాత్రం, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ కింద సాధారణంగా చెల్లదు. కంపెనీ రహస్యాలు బయటపెట్టకూడదన్న బాధ్యత అప్పుడూ ఉంటుంది. ఇంత అవసరమైన సంగతి ఏ ప్రేరణ ప్రసంగంలోనూ వినపడదు.

4. ఉద్యోగానికి మాత్రం భద్రత ఏముందన్న ప్రశ్న

ఈ ప్రశ్న న్యాయమైనదే. 2025 జులైలో టీసీఎస్ అంతటి సంస్థే తన సిబ్బందిలో సుమారు 2 శాతాన్ని, అంటే 12,000 మందికి పైగా తగ్గించుకుంటున్నట్టు ప్రకటించింది. జీతం శాశ్వతమని ఇంకా నమ్మేవాళ్ళు ఆ నమ్మకం వదులుకోవాలి.

కానీ దాని నుంచి తీసే ముగింపు తలకిందులుగా ఉంది. ఉద్యోగం పోవచ్చు కాబట్టి ముందే మానేయమనడంలో తర్కం ఎక్కడుంది? ఉద్యోగం పోవచ్చు కాబట్టి ఏడాది ఖర్చులు పక్కన పెట్టుకో, అప్పు తగ్గించుకో, చేతిలో మరో పని ఉంచుకో అనాలి. పైగా భద్రతనే తూకం వేస్తే వ్యాపారం ఇంకా తేలిపోతుంది. అమెరికా కార్మిక గణాంకాల శాఖ లెక్కల్లో, కొత్తగా పెట్టిన సంస్థల్లో సుమారు ఐదోవంతు మొదటి ఏడాదిలోనే మూతపడతాయి. ఐదేళ్ళు తిరిగేసరికి దాదాపు సగం ఉండవు. మార్కెట్, బ్యాంకులు, చట్టాలు అంత కుదురుకున్న దేశంలోనే పరిస్థితి ఇది.

5. ఓడిపోతే పోయేదేమీ లేదన్న మాట

పోతుంది. ఎవరిది పోతుందన్నదే అసలు ప్రశ్న.

తెలుగువాళ్ళలో బాగా తిరిగే కల డెయిరీ. సాఫ్ట్‌వేర్ వదిలి గేదెలు కొన్న యువకుడి వీడియో చూసిన ఐటీ ఉద్యోగి ఒక రాత్రి ఎక్సెల్ తెరుస్తాడు. పది ముర్రా గేదెలు, ఒక్కోటి రోజుకి 10 లీటర్లు, మొత్తం 100, లీటరు ఇంత, ఏడాదికి 365 రోజులు. అడుగున వచ్చిన అంకె జీతం కన్నా పెద్దది. ఆ షీటులో లేనివి చాలా ఉన్నాయి. ఈనిన కొత్తలో ఇచ్చినన్ని పాలు గేదె ఏడాదంతా ఇవ్వదు. కొన్ని నెలలకి వట్టిపోతుంది. వట్టిపోయిన గేదెకీ పచ్చిగడ్డి, దాణా ఆగవు. మళ్ళీ ఎదకి రావడం ఆలస్యమైతే ఆ నెలలన్నీ ఖర్చే. పాల కేంద్రం కట్టే ధర వెన్న శాతాన్ని, ఎస్ఎన్ఎఫ్‌ని (వెన్న కాక మిగిలే ఘనపదార్థాలని) బట్టి ఉంటుంది. లీటరుకింత అని ముందే రాసుకున్న అంకె అక్కడ చెల్లదు. పాలు పితికే మనిషి పండక్కి ఊరెళితే తెల్లవారుజామున నాలుగింటికి కొట్టంలో కూర్చోవాల్సింది యజమానే. పాడి ఉన్న ఏ ఇంట్లోనైనా పెద్దవాళ్ళకి ఇవన్నీ తెలుసు. జీతం వస్తుండగా రెండు గేదెలు, ఒక ఏడాది పెంచి చూస్తే ఉద్యోగికీ తెలిసేవి. ఉన్న పొలం అమ్మి, పది గేదెలతో ఒకేసారి తెలుసుకోవడం వల్ల చిక్కొచ్చింది.

విజయ కథలు లేవని కాదు. కిశోర్ ఇందుకూరి 2012లో హైదరాబాద్ శివారు షాబాద్‌లో 20 ఆవులతో మొదలుపెట్టినది సిద్స్ ఫార్మ్‌గా ఎదిగింది. అయితే ఆయన ఐఐటీ ఖరగ్‌పూర్‌లో చదివి, అమెరికాలో డాక్టరేట్ చేసి, ఇంటెల్‌లో ఆరేళ్ళు పనిచేసి వచ్చినవారు. అవసరమైతే ఆ చదువు మళ్ళీ ఉద్యోగం తెచ్చిపెట్టగలదు. ఆ కథ చదివి రాజీనామా రాసేవాళ్ళలో అలాంటి ఆసరా ఎంతమందికుంది?

నష్టం ఇంట్లో ఎలా దిగుతుందో దగ్గరగా చూడాలి. కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్ ఉద్యోగంతోపాటే పోతుంది. తల్లికి షుగరో, తండ్రికి గుండె జబ్బో ఉంటే, కొత్త పాలసీలో పాత జబ్బులకి గరిష్ఠంగా 36 నెలల దాకా వెయిటింగ్ పీరియడ్ పెట్టొచ్చు. ఉద్యోగంలో ఉండగానే సొంత పాలసీ తీసుకుని ఉంటే ఆ కాలం ఈపాటికే గడిచిపోయి ఉండేది. ఇంటి లోను కావాలంటే జీతం స్లిప్పు చోట బ్యాంకు రెండు మూడేళ్ళ వ్యాపార ఆదాయపు పన్ను రిటర్నులు అడుగుతుంది. సాధారణంగా ఐదేళ్ళ సర్వీసుకి వచ్చే గ్రాట్యుటీని, నాలుగేళ్ళు నిండీ నిండకముందే ఆవేశంలో వదులుకునేవాళ్ళున్నారు. భార్య నగలు మొదట బ్యాంకులో తాకట్టుకి వెళతాయి, చిట్టీ ముందే పాడుకోవడం తర్వాత వస్తుంది. ఆమెని మాత్రం ఏ వేదిక మీదికీ పిలిచి అడగరు.

వ్యాపారం బాగా నడుస్తున్నప్పుడు కూడా డబ్బు చేతికి రాదన్నది ఉద్యోగం నుంచి వచ్చినవాళ్ళు ఊహించలేని దెబ్బ. నెలాఖరుకి జీతం పడటం అలవాటైన మనిషి, సరుకు పంపి నెలలు గడిచినా బిల్లు రాకపోవడాన్ని మొదటిసారి చూస్తాడు. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం చిన్న సంస్థకి చెల్లింపు 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకి మూడు రెట్ల చక్రవడ్డీ కట్టాలి. హక్కు కాగితం మీద గట్టిదే. కానీ ఉన్న ఒక్క పెద్ద కస్టమర్ మీద ఫిర్యాదు చేస్తే మళ్ళీ ఆర్డరు రాదన్న భయంతో చాలామంది నోరెత్తరు. రెండో కస్టమర్ దొరికేదాకా ఉద్యోగంలో ఉన్నవాడికి ఈ నిస్సహాయత అంతగా ఉండదు.

అమెరికాలో హెచ్-1బీ మీద ఉన్న తెలుగు ఇంజినీర్లకి ఇదే సలహా వాట్సాప్‌లో చేరుతుంటుంది. ఉద్యోగం ఆగితే వాళ్ళకి ఉండే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఆలోగా మరో ఉద్యోగమో మరో వీసా దారో చూసుకోవాలి, లేదంటే దేశం వదలాలి. పిల్లల బడి, కారు లోను, ఇల్లు అన్నీ ఆ 60 రోజుల్లో తేలాలి. వాళ్ళని దూకమనేవాళ్ళు ఈ నిబంధన తెలిసి చెబుతున్నారా?

6. గెలిచినవాళ్ళనే పిలిచే వేదికలు

దూకి గెలిచినవాడికి మైకు ఇస్తారు. దూకి ఓడి, తక్కువ జీతానికి మళ్ళీ చేరి, అప్పు తీరుస్తున్నవాణ్ణి ఎవరూ పిలవరు. కాబట్టి దూకడానికీ గెలవడానికీ ఉన్న సంబంధం వినేవాళ్ళకి ఎప్పటికీ సరిగా కనిపించదు. దీనివల్ల రెండు అన్యాయాలు జరుగుతున్నాయి. ఓడినవాళ్ళు తమకి దమ్ము చాలలేదని తమనే నిందించుకుంటారు. నిజానికి చాలనిది చాలా సందర్భాల్లో నాలుగు నెలల ఖర్చు. రెండోది ఇంకా పెద్దది. దూకడమొక్కటే దారి అని నమ్మించడం వల్ల, దూకలేనివాళ్ళు వ్యాపారం తమకి కాదని అనుకుంటారు. తండ్రి ఆస్తి లేని కుర్రాడు, చెల్లెలి పెళ్ళి బాధ్యత ఉన్న యువకుడు, ఒంటరిగా పిల్లల్ని పెంచుతున్న ఉద్యోగిని ఆలోచన రాగానే పక్కకి తప్పుకుంటారు. వ్యాపార స్ఫూర్తి పేరుతో సాగే ఈ ప్రచారం వ్యాపారాన్ని ఉన్నవాళ్ళకే మిగిలిస్తోంది.

నవీన వ్యాపారులకి పేరుపడ్డ చోట్ల ఇలా ఆలోచించడం లేదు. కొన్ని ఐఐటీలు, కంపెనీ పెట్టుకునే విద్యార్థులకి ఆ ప్రయత్నం ఫలించకపోతే తర్వాత తిరిగొచ్చి క్యాంపస్ ఎంపికల్లో పాల్గొనే వీలు కల్పించాయి. అంటే వెనకదారిని అవి తమంతట తామే తెరిచిపెట్టాయి. స్వీడన్ ఇంకా ముందుకెళ్ళింది. 1998 నుంచి అక్కడ అమల్లో ఉన్న చట్టం ప్రకారం, నిర్ణీత సర్వీసు ఉన్న ఉద్యోగి సొంత వ్యాపారం పెట్టుకోవడానికి ఆరు నెలల దాకా జీతం లేని సెలవు అడగొచ్చు. యజమానికి పోటీగా ఉండకూడదు, అతని పనికి పెద్ద ఇబ్బంది కలగకూడదు. ఆ రెండు షరతులకీ లోబడితే సెలవు హక్కు. వ్యాపారం నిలబడకపోతే ఉద్యోగానికి తిరిగి రావచ్చు.

ప్రతి కుటుంబం నుంచీ ఒక పారిశ్రామికవేత్త రావాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అంటోంది. టీ-హబ్ పెట్టి పదేళ్ళు దాటిన తెలంగాణదీ అలాంటి ఆశయమే. ఆ మాట మనస్ఫూర్తిగా అంటున్నవైతే, రెండు ప్రభుత్వాలూ ముందు తమ ఉద్యోగులకి, ఆపైన తమ దగ్గర భూమి, రాయితీలు తీసుకుంటున్న ఐటీ, ఫార్మా సంస్థల ఉద్యోగులకి అలాంటి సెలవు ఇప్పించాలి. సెలవు కాలంలో కుటుంబానికి గ్రూప్ ఇన్సూరెన్స్ కొనసాగించాలి, ప్రీమియం ఉద్యోగే కట్టుకున్నా సరే. పత్రికలు, ఛానళ్ళు ఇకమీదట రాజీనామా కథ వేసేటప్పుడు మొదటి ఏడాది ఇల్లు ఎవరి డబ్బుతో నడిచిందో అడిగి, ఆ జవాబు కూడా అచ్చు వేయాలి.